సముద్రదర్శన యాత్ర: నావ యెవ్వరిది?

తిమింగలములను చూచుటకై పడవలెక్కి సముద్రముమీదికి పోవు యాత్ర నేడు లోకమందంతటను ప్రబలియున్నది. 2008 సంవత్సరమునందే 119 దేశములలో కోటి ముప్పదిలక్షల మంది యిట్టి యాత్ర చేసిరనియు, దానివలన ఆయా దేశములకు రెండువందల పది కోట్ల డాలర్ల రాబడి కలిగెననియు లెక్కకట్టిరి. ఒకప్పుడు నూనెకొఱకును ఎముకలకొఱకును ఈటెపోట్లకు గురియైన జంతువు ఈనాడు బ్రతికియుండి, ఒక్కసారి కనబడినంతమాత్రమున తీరవాసులకు అన్నము పెట్టుచున్నది. ఈ గాలి కోనసీమకు సోకకపోలేదు. దిండి రేవున విడిదిండ్లు వెలసినవి, ఇంటిపడవలు తిరుగుచున్నవి, ఓడలరేవు, ఎస్‌. యానాము ఇసుకతిన్నెలకడ సెలవుదినములలో కారులు బారులు తీరుచున్నవి. ఇక యాత్రికులను సముద్రములోనికి కొనిపోవు పడవ వచ్చుటకు చిరకాలము పట్టదు. ఆ పడవ యెవ్వరిది కావలెనను ప్రశ్న అది రాకమునుపే విచారింపదగినది. వచ్చి రేవున లంగరు వేసిన పిమ్మట విచారించి ప్రయోజనము స్వల్పము.

తిమింగలదర్శనము పాశ్చాత్యులు కనిపెట్టిన వినోదమనుకొనువారు రఘువంశము పదుమూడవ సర్గమును మఱల తిరుగవేయుదురుగాక. లంకనుండి పుష్పకముపై మఱలి వచ్చుచు శ్రీరాముడు సీతాదేవికి సముద్రమును చూపును. ఆ చూపిన వింతలలో తిములును గలవు. నదీముఖములయందు అవి నోరు తెఱచి, ప్రాణులతో గూడ నీటిని పుచ్చుకొని, నోరు మూసి, తలలయందలి రంధ్రములగుండ ధారలుగా పైకి చిమ్ముచున్నవని కాళిదాసు చెప్పెను. చిమ్మబడునది నోటి నీరు కాదు, ఊపిరితో వెడలు ఆవిరియని నేటి శాస్త్రజ్ఞులు దిద్దుదురు. కాని నోరు తెఱచి చిన్నప్రాణులతోపాటు నీటిని పుచ్చుకొను జాతులుండుట నిజము. నదులు కలియు తావుల సముద్రమున ఆహారము పుష్కలమగుటయు నిజము. తిమిని మ్రింగునది తిమింగిలము, దానినిగూడ మ్రింగునది తిమింగిలగిలము అని మనవారు పేర్లను పెంచుకొనుచు పోయిరిగాని, కాళిదాసు మాత్రము చూచి వ్రాసినట్లు వ్రాసెను. వేఱొక విశేషము గమనింపుడు. సీతారాములు చూచినది దూరమునుండి, జంతువు బెదరకుండ. నేడు తిమింగలములను చూపు దేశములన్నిటను మొదటి నియమ మిదియే.

అయిన కోనసీమ తీరమున తిమింగలము కనబడునా? ఈ విషయమున మేము పాఠకులను మభ్యపెట్టజాలము. బంగాళాఖాతమున నీలి తిమింగలములును, బ్రైడ్ తిమింగలములును, లోతునకు మునుగు స్పెర్మ్ తిమింగలములును గలవు. కాని అంతర్వేది యొడ్డున పడవ యెక్కినవానికి సాయంకాలములోపల తిమింగలమును చూపెదమని డబ్బు పుచ్చుకొనుట వట్టి మోసము. ఆంధ్రులకు ఇంతవఱకు తిమింగలదర్శన మన్నది చాలవఱకు కళేబరదర్శనమే. 2023 జూలైలో శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమందలి మేఘవరము తీరమునకు నీలి తిమింగలమొకటి చచ్చి కొట్టుకొని వచ్చినప్పుడు జనము తండోపతండములుగా పోయి చూచిరి. బ్రతికియున్నదానిని కాపాడిన కథయు నొకటి గలదు: 2021 డిసెంబరులో విశాఖపట్టణ ప్రాంతమందలి తంతడి తీరమున వలలో చిక్కిన తిమింగల సొరను బెస్తలును అటవీశాఖవారును కలిసి మఱల సముద్రములోనికి పంపిరి. పేరున తిమింగలమున్నను ఇది చేపజాతి, చేపలన్నిటిలో పెద్దది.

మన నదీముఖములకు నిజముగా వచ్చు అతిథులు వేఱు. వేటకు పోవు పల్లెవారికి డాల్ఫినులు నిత్యపరిచితములు. అంతకంటె ముఖ్యములు సముద్రపు తాబేళ్లు. ఆలివ్ రిడ్లీ యను ఈ జాతి తాబేళ్లు చలికాలమున మన తీరమునకు వచ్చి, రాత్రివేళ ఇసుకకెక్కి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూఱునకు మించిన గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లవాఱకమునుపే వెడలిపోవును. నలువదియైదు మొదలు అరువది దినములకు పిల్లలు బయటపడి, సముద్రముపైని మెఱుపును గుర్తుపట్టి అటు ప్రాకును. ఒడ్డున విద్యుద్దీపములు వెలుగుచుండినచో అదియే సముద్రమని భ్రమించి ఇటు ప్రాకి, కుక్కలపాలును కాకులపాలును అగును. తల్లుల గతియు అంతంతమాత్రమే. తాబేలు గాలి పీల్చు జంతువు. మరపడవలవారు గంటలకొలది ఈడ్చు వలలో చిక్కినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. ప్రతి యేటను మన యొడ్డునకు కొట్టుకొనివచ్చు తాబేళ్ల కళేబరములను చూడనివారు ఈ తీరమండలములలో అరుదు. వలకు ఇనుపచట్ర మొకటి తగిలించినయెడల చేప నిలిచి తాబేలు తప్పించుకొనును. ఆ చట్రము చాలకాలముగా ఉపన్యాసములలోనే యీదుచున్నది. తిమింగలము, డాల్ఫిను, ఈ తాబేలు – మూడును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి పట్టికలోనివే.

ఇచ్చట మన పంచాంగమును జ్ఞప్తికి తెచ్చుకొనుట యుక్తము. గోదావరి యేడుపాయలు సముద్రమున కలియు తావుల స్నానము చేయు సప్తసాగర యాత్ర మనకు పూర్వమునుండి గలదు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగికడ మొదలిడి, భీష్మైకాదశికి అంతర్వేది చేరి ముగింతురు. తీరము వెంబడి, రేవులు దాటుచు, పల్లెలలో విశ్రమించుచు పోవు యాత్ర యిది. రైలులేని, హోటలులేని కాలమున ఆ యాత్రికులను పాయలు దాటించినవాడు పడవవాడే. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవములకు నేటికిని లక్షలకొలది జనము వచ్చుచున్నారు. సరిగా ఆ మాఘమాసమందే తాబేళ్లును గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డెక్కును. ఒకే యిసుకపై పగలు యాత్రికులు, రాత్రి తాబేళ్లు! కూర్మావతారమని తాబేలునకు నమస్కరించు జనము, అది గ్రుడ్లు పెట్టు తావున దీపములు వెలిగించి, బాణసంచ కాల్చి, వాహనములు నడిపించుటలోని వైపరీత్యమును ఇన్నేండ్లుగా మనలో నెవ్వరును ప్రశ్నింపలేదు.

అంతర్వేది ఆలయచరిత్రము ఇంకొక విషయమునుగూడ చెప్పుచున్నది. నేడు మనము చూచు ఆలయమును 1823లో పూర్తిచేయించినవారు బెండమూర్లంక కాపురస్థులగు కోపనాతి కృష్ణమ్మగారు. ఆయన అగ్నికుల క్షత్రియుడు. ఓడలు గల వర్తకుడు. ఆ కులమున పుట్టినవాడు సముద్రముమీదికి ఓడలు నడిపి, లాభము గడించి, స్వామికి గోపురమెత్తించిన కాలమొకటి కలదని దీనివలన స్పష్టము. బెండమూర్లంక ఆ రోజులలో సరకు దిగు రేవు. ఆ వంశమువారి తరువాతి తరములకు ఓడలు పోయి తెప్పలు మిగిలినవి. ఇటీవలి దశాబ్దములలో తెప్పలు తిరుగు నీటియందును చమురువారి కట్టడములు లేచినవి. 1995 జనవరి 8న పాసర్లపూడికడ రేగిన మంట 65 దినములు ఆరక మండిన సంగతి కోనసీమ మఱవలేదు. వేట పోయినచోట్ల పరిహారము ముట్టినది, కొందఱికి ముట్టలేదు. పరిహారము మంచిదా చెడ్డదా యను వాదములోనికి మేము దిగము. కాని ఓడయజమానుని వంశజుడు పరిహారపు పట్టికలో తన పేరును వెదకుకొనువాడుగా మాఱుట సామాన్యమైన మార్పు కాదు. రేపు యాత్రాపడవ వచ్చినప్పుడు అతడు దాని యజమానుడగునా, లేక యాత్రికుల చెప్పులు మోయు కూలివాడగునా యనునదే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు న్యూజిలాండు దేశమందలి కైకౌరా యను చిన్న యూరు మంచి సమాధానము చెప్పినది. అక్కడ సముద్రగర్భమున లోతైన లోయ యొకటి ఒడ్డునకు మిక్కిలి చేరువగా వచ్చియుండుటచే స్పెర్మ్ తిమింగలములు ఏడాదిపొడుగునను దొరకును. పందొమ్మిదవ శతాబ్దమున తెల్లవారు ఆ తీరమున దిగి తిమింగలములను వేటాడిరి. ఆ దేశమున తిమింగలముల వేట 1964తో అంతరించెను. ఊరి మూలవాసులైన మావోరీలు, 1980 దశకమున రైల్వే మొదలగు కొలువులు ఊడి, పనిలేక యుండిరి. తమ మూలపురుషుడు పైకేయ తిమింగలముపై నెక్కి సముద్రము దాటి వచ్చెనని వారి పురాణము. 1987లో నాలుగు కుటుంబములవారు తమ యిండ్లను తాకట్టుపెట్టి, అప్పు తెచ్చి, చిన్న పడవతో యాత్రికులకు తిమింగలములను చూపుట కారంభించిరి. ఇల్లు తాకట్టుపెట్టుట యనగా ఏమో మన రైతులకు వివరింపనక్కఱలేదు. ఆ వ్యాపారము నేటికిని మావోరీల సొత్తే. ఊరి జీవనమునకు అదియే మూలాధారమైనది. తిమింగలము కనబడనినాడు పుచ్చుకొన్న రుసుములో నూటికి ఎనుబది వంతులు తిరిగి యిచ్చివేయుదురు. మన యాత్రాసంస్థలవారు ఈ వాక్యమును రెండుమాఱులు చదువుదురుగాక. 2016 నవంబరు 14న వచ్చిన భూకంపమున సముద్రపునేల పైకిలేచి, రేవున నీరు తఱిగి, పడవలు కదలలేదు. బయటి కంపెనీ యైనచో పెట్టె బేడ సర్దుకొని మఱొక తీరమునకు పోయెడిది. వీరు పోవుటకు వేఱు ఊరు లేదు. రేవు బాగుపడువఱకు నిలిచి మఱల నడిపించుకొనిరి.

అంత దూరము పోనక్కఱలేదు. ఒడిసా గంజాం జిల్లాయందలి ఋషికుల్యా నదీముఖమున 1994లో తాబేళ్ల సామూహిక ప్రసవస్థలము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. ఆ తీరమున తెలుగు మాటలాడు నోళియా బెస్తలు పెక్కుమంది కాపురమున్నారు. ఆ చుట్టుప్రక్కల పల్లెల యువకులు సంఘముగా నేర్పడి, రాత్రులు కాపలా కాచి, గ్రుడ్లను కుక్కలనుండి కాపాడి, దారితప్పిన పిల్లలను బుట్టల కెత్తి సముద్రమున విడుచుచు వచ్చిరి. 2023లో ఆ యొక్క తీరమున ఆఱులక్షలకు పైబడిన తాబేళ్లు గ్రుడ్లు పెట్టినట్లు అటవీశాఖవారు లెక్కవేసిరి. కోనసీమకు అంత మంద రాదు. ఇచ్చట విడివిడిగా వచ్చును. అట్లయినను పల్లెవాడు కాపలాదారుడు కాగలడా యను సందేహమునకు అక్కడ జవాబు దొరకినది.

గుజరాతు ఉదాహరణము వేఱొకందుకు ముఖ్యము. ఆ తీరపు బెస్తలు ఒకప్పుడు తిమింగల సొరలను నూనెకొఱకు వందలకొలది చంపెడివారు. 2001లో చట్టము నిషేధించినది; నిషేధమువలన మాత్రమే మనస్సులు మాఱలేదు. 2004లో మొదలైన ప్రచారమునకు రామకథాప్రవక్త మొరారి బాపు తోడ్పడి, ఇది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ యని చెప్పెను. ప్రియమైనదను అర్థమున దానికి ‘వ్హాలీ’ యని పేరు పెట్టిరి. పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ యను మాట తెలుగువాని గుండెకును తగులును. కాని మాటతోనే పని జరిగెననుకొనుట అమాయకత్వము. సొరను విడుచుటకై వలను కోసికొన్న బెస్తకు వల వెల చెల్లించు ఏర్పాటుగూడ చేసిరి. అప్పటినుండి వందలకొలది సొరలు బ్రతికి బయటపడినవి. వల కోసికొమ్మని ఉపదేశించువాడు వల ఖరీదు ఎంతో మొదట తెలిసికొనవలెను.

చెడిన త్రోవలును గలవు. సింహళ ద్వీపపు దక్షిణతీరమున మిరిస్సాకడ 2009లో యుద్ధము ముగిసిన పిదప నీలి తిమింగలములను చూపు పడవలు పుట్టగొడుగులవలె పెరిగి, ఒక్క జంతువు చుట్టును పదేసి పడవలు మూగి తఱుమునంతవఱకు వచ్చెను. చిల్కా సరస్సున ఐరావతీ డాల్ఫినులను చూపు పడవలమీదను ఇట్టి ఫిర్యాదులే చిరకాలమునుండి గలవు. సతపడాకడ పడవవారికి తమ సంఘముండియు ఇట్లు జరిగినది. కావున స్థానికుల చేతిలో నున్నంతమాత్రమున సర్వము శుభమని మే మనము. పోటీపడి ఒకనిమీద నొకడు ఎగబడు పది పడవలు స్థానికులవైనను ఒకటే, పరులవైనను ఒకటే. న్యూజిలాండున తిమింగలమునకు 50 మీటర్లకంటె చేరువకు పడవ పోరాదు. 300 మీటర్ల లోపల మూడు పడవలకు మించి యుండరాదు. అట్టి నియమము మొదటి పడవకు ముందే పుట్టవలెను.

ప్రాణభయము మాట యెత్తక తప్పదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచు కచ్చులూరుకడ మునిగిన ‘రాయల్ వశిష్ఠ’ పడవలో 77 మంది యుండగా 26 మంది మాత్రమే బ్రతికిరి. ఆ దినము గోదావరి వరదతో పోటెత్తియుండెను. బ్రతికినవారిని తమ చిన్న పడవలలో ఒడ్డునకు చేర్చినవారు ఆ గూడెముల గిరిజనులు. సర్కారు బలగములకు అందని ఆ పడవను నెలదాటిన పిమ్మట బయటికి తీసినది కాకినాడనుండి వచ్చిన ధర్మాడి సత్యముగారి బృందము. కళాశాలలో చదివిన విద్యతో గాక, లంగరులతోను, ఇనుపత్రాళ్లతోను, నీటి నడక తెలిసిన కన్నుతోను వారా పని చేసిరి. ఏ దినము పడవ విప్పరాదో చెప్పగలవాడే యాత్రాపడవకు సరంగు కావలెను. అతడు వద్దన్ననాడు ఆఫీసునుండి ఫోను చేసి నడుపుమని గద్దించుటకు పైన యజమాను డుండరాదు. పడవ పల్లెవానిది కావలెనని మేము పట్టుపట్టుటకు దయాధర్మములు మాత్రమే కారణము కావు; ఇదియు ఒక కారణము.

పల్లెవారికి పెట్టుబడి లేదు, లెక్కలు రావు, ఐకమత్యము లేదు – అని అమలాపురమునందును రాజోలునందును పెద్దమనుష్యులు అనుచుందురు. మూడుమాటలలో మొదటిదే నిజము. ఒక పడవపై పడిన చేప నమ్మగా వచ్చిన సొమ్ములో పడవకు ఇంత, వలకు ఇంత, తండేలునకు ఇంత, వేటకు పోయిన ప్రతివానికి ఇంత యని పాళ్లు వేసికొను కట్టు వారి తాతలనాటిది. ఆ లెక్క యే గుమాస్తాయు వ్రాయడు, తగవు అరుదు. చేపకు బదులు యాత్రికుడెక్కిన పడవకు అదే కట్టు చెల్లును. తాబేళ్లకు కాపలా కాచిన యువకునకును అందులో నొక పాలు వేయవచ్చును. ఐకమత్యము సంగతి యందురా, 2011లో వరికి గిట్టుబాటు లేదని పంటవిరామము ప్రకటించి దేశమంతయు తిరిగిచూచునట్లు చేసిన కోనసీమ రైతులే ఐకమత్యమునకు సాక్షులు. సముద్రపు టొడ్డునగల యూళ్లు ఆ రైతుల యూళ్లకు ఆఱు క్రోసుల దూరమునను లేవు.

ఇక పెట్టుబడి. ఇచ్చటనే మా పాఠకులలో కొందఱికి మా మాట రుచింపదు. రొయ్యలచెరువుల చరిత్రము మనకండ్లయెదుట జరిగినది. తీరభూములు కౌలునకు పోయినవి. చెరువుగట్లు లేచి సముద్రమునకు పోవు కాలిబాటలు కొన్నిచోట్ల మూసికొనిపోయినవి. ఉప్పు ప్రక్కపొలములకు దిగినది. లాభము పట్టణములకు చేరగా, ఒడ్డున మిగిలినది కావలివాని జీతము. యాత్రావ్యాపారముగూడ ఆ దారినే పట్టుట కెంతో కాల మక్కఱలేదు. ఇసుకతిన్నెపై స్థలము మొదట కొనువాడు, దానికి ప్రహరి కట్టువాడు, రాత్రియంతయు దీపములు వెలిగించువాడు – ఈ మువ్వురును ఒకడే యగును. అతడు చాలవఱకు మనలోనివాడే యగును. డబ్బు పెట్టవలదని మే మనము. పల్లెవారి సహకారసంఘమునకు అప్పుగా నిచ్చి వడ్డీతో తీసికొనుడు. ధాన్యముమీద, కొబ్బరిమీద అప్పులిచ్చి పుచ్చుకొనుట మనకు చేతగాని విద్య కాదు. పడవను మాత్రము మీ పేర వ్రాయించుకొనకుడు.

చూపుటకు సామగ్రి కొఱవడునని భయపడనక్కఱలేదు. మాఘఫాల్గునములలో అనుభవశాలియగు కాపలాదారుని వెంట, దీపములేక, పదిమందికి మించక పోయి, ఒడ్డెక్కిన తాబేలును దూరముగా కూర్చుండి చూచువానికి మాటలు రావు. పిల్లలు బయటపడు కాలము వేసవివఱకు సాగును. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మరపడవల వేట నిషేధింపబడిన 61 దినములలో కొన్ని ఆ కాలముతో కలియును. పనిలేని యా దినములలో ప్రభుత్వ మిచ్చు భృతికి తోడుగా పల్లెకు ఒక సంపాదన ఏర్పడును. వైనతేయ, వశిష్ఠ పాయల ముఖములకడ ప్రశాంతదినములలో, యంత్రమాపి తెరచాపతోనో తెడ్లతోనో నిలిచిన పడవకు డాల్ఫినులే దగ్గఱకు వచ్చుట కలదు. ఏనాడైన దూరమున తిమింగల మూపిరి వదలి ఆవిరి లేచినచో, అది ఆనాటి యాత్రికుల అదృష్టము. టిక్కెట్టుపై ముద్రింపదగినది కాదు.

రాబోవు భీష్మైకాదశికి లోపల తేల్పవలసిన పనులు రెండు గలవు. అంతర్వేది ఉత్సవదినములలో ఆలయమునకు కావలసిన దీపములు ఆలయముకడ నుంచి, సముద్రమువైపు వీధిదీపములకు తొడుగులు వేయించి, రాత్రి రెండవజాము మొదలు ఇసుకపైకి వాహనములు దిగకుండ నాపుట మొదటిది. దీనికి దేవస్థానమువారును, పంచాయతీవారును, పోలీసువారును ఒకచోట కూర్చున్న చాలును, ఖర్చు లేదు. రెండవది సఖినేటిపల్లి మొదలు కాట్రేనికోన వఱకుగల తీరమండలముల మత్స్యకార సహకారసంఘములవారు తామే కలిసికొని, సముద్రయాత్రకు పడవల అనుమతులు తమ సంఘముల పేరనే యియ్యవలెనని జిల్లా కలెక్టరునకు అర్జీ పెట్టుకొనుట. ఆ అర్జీలో ఎన్ని పడవలో, ఎంత దూరమో, ఎందఱు యాత్రికులో వారే వ్రాయవలెను. కలము పట్టుటకు సాయము కావలసినచో అమలాపురమున వకీళ్లకు కొదువలేదు.